బూదిగుంటపల్లెలో అరవై రెండు అడుగుల నీళ్లు

బూదిగుంటపల్లెలో నీళ్లు కొలిచి వంతులు తేల్చే నీరుగంటి ఓబులేసు వారానికి ముప్పై ఒక్క మాటలు మాట్లాడతాడని ఊళ్లో అందరికీ తెలుసు. సోమవారం పొద్దున్నే తాడు భుజాన వేసుకుని బయల్దేరతాడు. ఊళ్లో ముప్పై ఒక్క బావులున్నాయి. ఒక్కో బావిలోకి రాయి కట్టిన తాడు వదులుతాడు. రాయి అడుగుకి తగిలాక పైకి లాగుతాడు. తడిసినంత మేరా ముడులు లెక్కపెడతాడు. అడుగుకొక ముడి. "రెండు" అంటాడు. పక్క బావి దగ్గరికి పోతాడు. "ఒకటి" అంటాడు. ముప్పై ఒకటో బావి దగ్గర ముప్పై ఒకటో మాట అయిపోతుంది. మిగతా వారమంతా ఆయనకు నోటితో తినడం తప్ప వేరే పని ఉండదు.

ఆయన నాయన కూడా ఇట్లాగే కొలిచాడు. తాడు రెండుసార్లు మారింది, రాయి మారలేదు. ముప్పై ఆరేళ్లలో ఓబులేసు నోట ఒక్క ముడి తప్పు రాలేదు. చేల దగ్గర నీళ్ల వంతు కోసం అన్నదమ్ములు పారలెత్తుకున్న రోజుల్లో కూడా, ఓబులేసు వచ్చి తాడు వదిలి "ఒకటిన్నర" అంటే ఎత్తిన పారలు దిగేవి. ఆయన సంపాదించుకున్నది అదొక్కటే.

రెండేళ్ల నుంచి ఆ ముప్పై ఒక్క మాటలూ ఫోన్లో పోతున్నాయి. మండలాఫీసులో హసీనా అని ఒక అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటుంది. కంప్యూటర్లో ఊరి పటం ఉంటుంది. పటంలో బావికొక నీలం చుక్క. ఓబులేసు "రెండు" అంటే ఆ పిల్ల చుక్క పక్కన రెండు అని కొడుతుంది.

మే నెల వచ్చేసరికి ఆ రెండడుగులూ బురదలో కలిసిన రెండడుగులు. పొద్దున ఒక్కో బావి దగ్గర నాలుగు బిందెలు ముంచితే ఐదో బిందెకి రాయి తగిలేది. అందుకే ఏటా వేసవిలో రోజుకొక ట్యాంకరు వచ్చేది. ఊళ్లో పదకొండు వందల నలభై మంది. ఆ ట్యాంకరు మీదే బతుకు.

ఒక మంగళవారం ట్యాంకరు రాలేదు. జీపు వచ్చింది.

జీపులోంచి నలుగురు మనుషులు దిగి, ఊరి పక్కనున్న కుంటలోకి నడిచారు. కుంట ఎండిపోయి నాలుగు నెలలైంది. బీటల్లో కాలు పడితే మడమ దాకా దిగుతుంది. వాళ్లు కుంట నడిమధ్యన గుంత తవ్వబోయారు. గడ్డపార టంగుమంది. నేల నానడానికి ఒక బకెట్ నీళ్లివ్వమని అడిగారు. ఇచ్చేవాళ్లు లేక గంటసేపు అట్లాగే పొడిచి, ఒక బోర్డు నాటారు.

"ప్రమాదం! లోతైన జల ప్రాంతం. సమాహార లోతు 62 అడుగులు. ఈత కొట్టరాదు. పిల్లలను నీటి అంచుకు పంపరాదు."

సర్పంచు నాగరత్నమ్మ కొంగు బిగించుకుని వచ్చింది. "ఏమి సామీ, ట్యాంకరు యాడ?"

"మీకింక ట్యాంకరు ఎందుకమ్మా? అరవై దాటిన ఊర్లకు నిలిపేసినారు. మీ ఊర్లో అరవై రెండు అడుగుల నీళ్లుండాయంట. పటంలో పడింది."

"యాడుండాయి?"

"అది మాకు తెలీదు. బోర్డు నాటమన్నారు, నాటినాం." జీపు వెళ్లిపోయింది.

బోర్డు చుట్టూ జనం మూగారు. చదవడం వచ్చినవాళ్లు చదివారు, రానివాళ్లు చూశారు. ఎటుపోయినా ఊరి చూపులన్నీ చివరికి ఓబులేసు మీదే ఆగాయి.

"ఈ మామే చెప్పింటాడు" అన్నాడు తిమ్మప్ప. ఆయన బావి ఊరి తూర్పు కొసన ఉంది. "సోమవారం సోమవారం ఫోన్లో చెప్పేది ఈయప్పే కదా. ఏం చెప్పినావు మామా?"

"రెండు" అన్నాడు ఓబులేసు.

"అన్నింటికీ రెండేనా?"

"కొన్నింటికి ఒకటి. కొన్నింటికి మూడు."

"ఒక్కో బావికి అరడుగు తగ్గించి చెప్పుంటే ఏం పోయేది? మీ నాయన లేసొచ్చి కొడతాడా?"

ఓబులేసు తాడు భుజాన వేసుకుని నడిచాడు. ఇంటికి పోతే పెండ్లాం సుంకమ్మ ఖాళీ బిందెను వాకిట్లో ఎత్తి కుదేసింది. "ఊరు ఊరంతా నిన్నే అంటాండారు. అర ముడి. అర ముడి దాచలేవా?"

ఓబులేసు తాడును చిలక్కొయ్యకి తగిలించాడు. "తాడు దాయదే" అన్నాడు.

మర్నాడు నాగరత్నమ్మ, ఓబులేసు బస్సెక్కి మండలానికి పోయారు.

ఆఫీసు పేరు మారింది. ముందు అది ఉత్త పటం సెక్షను. ఇప్పుడు గుమ్మం మీద "మండల పట సమాహార కేంద్రం" అని రాసి ఉంది. దానికి మార్తాండరావు అని ప్రత్యేకాధికారి వచ్చాడు. ఆయన పట్నంలో మూడు రోజుల శిక్షణకు పోయి ఒక ఫార్ములా నేర్చుకొచ్చాడు. పటంలో ఉన్న చుక్కల్ని లిస్టుగా ఇస్తే, వాటి పక్కనున్న అంకెలన్నీ ఒక్క దెబ్బకు కూడి చూపిస్తుంది. మొదటి రోజు ఆయన మండలంలో బడులు కూడాడు. సరిగ్గా వచ్చింది. రెండో రోజు గొర్రెలు కూడాడు. అదీ సరిగ్గా వచ్చింది. మూడో రోజునుంచి ఆయనకు కూడరానిదంటూ లోకంలో ఏదీ కనిపించలేదు.

హసీనా ఓబులేసుని చూసి లేచి నిలబడింది. రెండేళ్లుగా గొంతు విన్నదే గాని మనిషిని చూడలేదు. "నువ్వేనా తాతా! కూచో." తెర తన వైపు నుంచి ఆయన వైపుకి తిప్పింది. "ఇవిగో నీ ముప్పై ఒక్క చుక్కలు. నువ్వు చెప్పిన అంకెలు అట్లే ఉండాయి, నేనేం మార్చలేదు. పైన ఫార్ములా చూడు. 'ఈ ఊరి లిస్టులో ఉండే బావులన్నీ తీసుకో, వాటి నీళ్ల లోతు కూడు' అని ఉంది. కూడింది. అరవై రెండు."

"అట్ల కూడచ్చునా తల్లీ?" అంది నాగరత్నమ్మ.

"కంప్యూటరు ఏం చేస్తుందక్కా? కూడమంటే కూడుతుంది. సగటు తీద్దాం సార్ అని నేను అడిగినా. సగటు సామాన్యులకమ్మాయ్, మొత్తం పాలకులకు అన్నాడు."

లోపలినుంచి పిలుపు వచ్చింది.

మార్తాండరావు పొట్టి మనిషి. కుర్చీ పెద్దది. వాళ్ల మాట పూర్తిగా విన్నాడు, చిరునవ్వు నవ్వాడు.

"అమ్మా, మీ గ్రామం ప్రతి బావినీ విడివిడిగా చూసుకుంటున్నది. ఇది గత కాలపు దృష్టి. విడిగా చూస్తే రెండు అడుగులే. ఒప్పుకుంటాను. కానీ ప్రభుత్వం గ్రామాన్ని ఒక్కటిగా చూస్తుంది. ఒక్కటిగా చూసినప్పుడు మీరు అరవై రెండు అడుగుల జలసంపదకు యజమానులు. మీరు గర్వపడాలి."

"గర్వం తాగలేం కదా సార్" అంది నాగరత్నమ్మ. "యా బావిలోకి దిగినా నడుము దాటి మునగం."

"అది మీరు దిగే పద్ధతిలో లోపం. అన్నింటిలోకీ దిగి చూశారా?"

"ఒకేసారి ఎట్ల దిగుతాం సార్?"

"పటం దిగగలదు" అన్నాడు మార్తాండరావు.

ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. నాగరత్నమ్మ ఆశ్చర్యంగా చూసింది. ఆ రోజు సోమవారం కాదు.

"సారూ, మీ ఎత్తెంత?"

"ఐదున్నర అడుగులు. ఎందుకు?"

"ఈయమ్మ?"

"ఉంటుంది ఐదు."

"ఇద్దరూ పక్కపక్కన నిలబడితే పదిన్నర అడుగుల మనిషి లేస్తాడా?"

నాగరత్నమ్మకు గుండె తేలికైంది. ఇంత సూటిగా అడిగితే ఎవరికైనా తెలిసిపోతుంది. మార్తాండరావు కళ్లు మెల్లగా పెద్దవయ్యాయి. టేబుల్ మీద చెయ్యి చరిచాడు.

"ఎత్తు! హసీనా! ఆరోగ్య శాఖవాళ్లు ఇంటింటికీ తిరిగి ఎత్తులు రాసుకున్న కాలమ్ ఉంది కదా? దాన్ని మనం ఇంతవరకు కూడలేదు! పెద్దాయనా, మీరు చదువుకోకపోయినా సమాహార దృష్టి ఉన్న మనిషి."

బస్సులో తిరిగొస్తూ నాగరత్నమ్మ టికెట్లు కొంగున ముడేసుకుంది. తర్వాత మెల్లగా అంది. "చిన్నాయనా, ఇంక నువ్వు సోమవారాలే మాట్లాడు."

ఓబులేసు అదనంగా వాడిన మాటలకు ఫలితం వారంలో వచ్చింది. లారీ నిండా కంబళ్లు దిగాయి. ఊళ్లో పదకొండు వందల నలభై మంది ఎత్తులూ కూడితే ఐదు వేల నాలుగు వందల డెబ్బై రెండు అడుగులు తేలిందట. అంత ఎత్తున ఉన్న ఊరు కొండ ప్రాంతం కిందికి వస్తుంది. కొండ ప్రాంతం ప్రజలు చలికి ఇబ్బంది పడకూడదు. లారీ దగ్గర నిలబడి కాగితం చదివిన మనిషి మూడుసార్లు ముఖం తుడుచుకున్నాడు. తువ్వాలు పిండితే చెమట కారింది.

నాలుగు రోజులకు ఉత్తరం వచ్చింది. ఊళ్లో తొమ్మిది వార్డుల్లోనూ ఎండ కొలిచారు. వార్డుకి నలభై మూడు డిగ్రీలు. మొత్తం మూడు వందల ఎనభై ఏడు. నీళ్లు నూరు డిగ్రీలకే మరుగుతాయి గనక బూదిగుంటపల్లె నీళ్లు దాదాపు నాలుగింతలు మరిగిన నీళ్లు. అందులో క్రిములు బతికే వీల్లేదు. కాబట్టి బావుల్లో వేసే బ్లీచింగ్ పొడి రద్దు.

"చలికి కంబళ్లిచ్చి ఎండకు మరగబెడతాండారు. ఈ రెండు కాగితాలూ ఒకదాన్నొకటి చూసుకోవా?" అంది సుంకమ్మ.

చూసుకోవు. కంప్యూటర్లో అవి వేరే వేరే కాలమ్‌లు.

ఆ తర్వాత పడవ వచ్చింది. పన్నెండు మంది కూర్చునే పడవ. పక్కన ఎర్ర అక్షరాలతో "ప్రాణరక్షణ" అని రాసి ఉంది. దాంతోపాటు పన్నెండు నారింజరంగు తేలుడు చొక్కాలు. లారీ డ్రైవరు ఊరంతా రెండుసార్లు చుట్టి, చివరికి ఓబులేసు వాకిట్లో ఆపాడు.

"పెద్దాయనా, చెరువు యాడుండాది?"

ఓబులేసు కుంటలో బోర్డు వైపు చూపించాడు. డ్రైవరు అక్కడిదాకా పోయి చూసి వచ్చాడు. "దించేదా, వద్దా?"

"దించు" అన్నాడు ఓబులేసు.

పడవను కుంటలో బోర్డు పక్కన దించారు. మూడో రోజుకి మేకలు అందులో పడుకోవడం నేర్చుకున్నాయి. పడవ నీడ మాత్రం బాగుండేది.

నీళ్లకు ఆడవాళ్లు నాలుగు కిలోమీటర్లు నడిచి దొడ్డికొండకు పోవడం మొదలుపెట్టారు. సుంకమ్మ రెండు బిందెలు తెచ్చేది. అరవై ఏళ్ల మనిషి. మూడో రోజు దారిలో కాలు మెలికపడి కూలబడింది. బిందెలు దొర్లిపోయాయి. నీళ్లు నేలలో ఇంకిపోతుంటే చేత్తో ఆపబోయిందట. చూసినవాళ్లు చెప్పారు. సుంకమ్మ చెప్పలేదు. ఆ రాత్రి మాటలేకుండా అన్నం పెట్టింది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో మాట్లాడే పని ఆమెదే. ఇద్దరూ మాట్లాడకపోతే ఇల్లు ఎట్లుంటుందో ఓబులేసుకి మొదటిసారి తెలిసింది.

మర్నాడు తాడుతోపాటు బిందెలు కూడా తనే భుజానికెత్తుకుని దొడ్డికొండకు పోయాడు.

దొడ్డికొండలో ఒకటే బావి. ఎప్పటి కాలందో, రాతికట్టు బావి. దాని పక్కన ట్యాంకరు నిలబడి ఉంది. ట్యాంకరు నీళ్లతో ఇద్దరు బర్రెలను కడుగుతున్నారు. ఓబులేసు బిందెలు దించి, అలవాటు కొద్దీ బావిలోకి తాడు వదిలాడు. తాడు పోతూనే ఉంది. పైకి లాగి ముడులు లెక్కపెట్టాడు. నలభై.

"నలభై అడుగులున్నాయి, మీకు ట్యాంకరు ఎందుకొస్తాంది?"

బర్రె వీపు రుద్దుతున్నవాడు నవ్వాడు. "మాది ఒకటే బావి కదప్పా. కూడితే నలభయ్యే. అరవై దాటలేదు. మాది కరువు ఊరు."

బిందెలు మోసుకుని వస్తుంటే తిమ్మప్ప బావి దగ్గర రాళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. తిమ్మప్ప, ఆయన కొడుకులిద్దరూ గట్టుమీది రాళ్లు తోసి బావిలో వేస్తున్నారు.

"ఏం పని అది?" అన్నాడు ఓబులేసు.

"బావి పూడుస్తాండాం. నా బావిలో రెండడుగులు. ఇది పోతే ఊరి మొత్తం అరవై. అరవై దాటకుంటే ట్యాంకరొస్తుంది. నువ్వు ముడి తగ్గించవు. నేను బావినే తగ్గిస్తా."

"మీ తాత తవ్విన బావి."

"తవ్వినోడు చచ్చిపోయినాడు. నేనింకా బతికుండా, నాకు దాహమేస్తాంది" అన్నాడు తిమ్మప్ప. ఇంకో రాయి ఎత్తాడు గాని వేయలేకపోయాడు. ఓబులేసు బిందెలు కింద పెట్టి బావి గట్టు మీద కూర్చున్నాడు, కాళ్లు లోపలికి వేలాడేసి. వేస్తే రాయి ఆయన మోకాళ్ల మీద పడుతుంది.

అట్లా గంటసేపు కూర్చున్నాడు. ఏం ఆలోచించాడో ఎవరూ అడగలేదు. లేచి తిమ్మప్ప దగ్గర ఫోన్ తీసుకుని హసీనాకి చేశాడు.

"తాతా! ఈ రోజు గురువారం! ఏమైంది, ఎవురైనా పోయినారా?"

"లిస్టులో ఒకటే బావి ఉంటే?"

"ఆ?"

"ఊరికి ఒకటే బావి ఉంటే ఎంత కూడుతుంది?"

"ఒకటే ఉంటే కూడేదేముంది తాతా. రెండుంటే రెండే."

"బావికొక ఊరు చేస్తే?"

అవతల కీబోర్డు టకటకమంది. తర్వాత హసీనా నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వుతున్న చప్పుడు వినిపించింది.

ఆ సాయంత్రమే అర్జీ రాశారు. బూదిగుంటపల్లె గ్రామాన్ని ముప్పై ఒక్క గ్రామాలుగా విడదీయాలని. నాగరత్నమ్మకే నచ్చలేదు.

"ముప్పై ఒక్క ఊర్లయితే నేను దేనికి సర్పంచు?"

"అన్నింటికీ" అన్నాడు తిమ్మప్ప. "మొత్తం కూడుకో."

మార్తాండరావు అర్జీ చదివి నొచ్చుకున్నాడు. "విభజనా? సమాహార యుగంలో విభజన కోరుకుంటారా? ఇది నా దృక్పథానికే గొడ్డలిపెట్టు. తిరస్కరిస్తున్నాను." కలం మూత తీశాడు.

"సార్" అంది హసీనా. "ఒక్క మాట. మన మండలంలో ఊర్లు పద్దెనిమిది. జిల్లాలో మనం చిట్టచివర. దీన్ని ఒప్పుకుంటే ఒకటి పోయి ముప్పై ఒకటి వస్తాయి. మొత్తం నలభై ఎనిమిది. జిల్లాలో మనమే ఫస్టు."

కలం గాల్లో ఆగింది.

"మొత్తం నలభై ఎనిమిదా?"

"కూడి చూసినా సార్."

మార్తాండరావు తిరస్కరిస్తున్నాను అని రాయబోయినచోట ఆమోదించడమైనది అని రాశాడు. కింద ఇంకో వాక్యం చేర్చాడు. "గ్రామాల సమాహార వృద్ధికి ఈ గ్రామ ప్రజలు చూపిన చొరవ అభినందనీయం."

ఊర్ల హద్దులు హసీనాయే గీసింది. కుంటలో నాటిన బోర్డునే నడిబొడ్డుగా పెట్టుకుని, అక్కణ్ణించి అన్ని వైపులకీ గీతలు లాగింది, రొట్టె కోసినట్టు. ప్రతి ముక్కలో ఒక బావి, ప్రతి ముక్క మొన కుంటలో. గీతలకు ఇళ్లు కనపడవు గనక ఇళ్ల మధ్యనుంచే పోయాయి. ఓబులేసు ఇంట్లో పొయ్యి ఒక ఊరు, మంచం ఇంకో ఊరు. సుంకమ్మ రోజూ పక్క ఊరినుంచి మొగుడికి అన్నం తెచ్చి పెట్టేది. మాటలు మాత్రం మళ్లీ మొదలయ్యాయి.

"ఏమయ్యా, మీ ఊర్లో ఉప్పు సరిపోయిందా?"

ప్రతి ఊరినీ పటంలో నొక్కి చూశారు. రెండు. ఒకటి. మూడు. ఒక్కటీ అరవై దాటలేదు. ముప్పై ఒక్క ఊర్లలోనూ తీవ్రమైన నీటి కరువని కంప్యూటర్ ఎర్రరంగు చూపించింది.

సోమవారం పొద్దున ముప్పై ఒక్క ట్యాంకర్లు వచ్చాయి.

మొదటి ట్యాంకరు ఊరి మొదట్లో ఉంటే చివరిది దొడ్డికొండ మలుపు దగ్గర ఉంది. దుమ్ము లేచి సూర్యుడు కనపడలేదు. డ్రైవర్లు దిగి ఊరి పేరు అడిగారు.

"తిమ్మప్పబావిపల్లె యాడన్నా?"

"నువ్వు నిలబడిందే. ఒక అడుగు యెనక్కి పోతే మాత్రం ఎర్రన్నబావిపల్లె. చూసి నడు."

నాలుగు ట్యాంకర్లకే ఊళ్లో ఉన్న బిందెలు, తొట్లు, కాగులు, కుండలు నిండిపోయాయి. నాగరత్నమ్మ మిగతావాళ్లను పక్క ఊర్లకు పొమ్మంది. వాళ్లు కాగితం చూపించారు. ఏ ట్యాంకరు నీళ్లు ఆ గ్రామం హద్దులోనే ఖాళీ చేయాలి. లేకుంటే రేపటినుంచి రద్దు. హద్దులన్నీ కుంటలో కలుస్తాయి కదా. ఇరవై ఏడు ట్యాంకర్లు కుంట చుట్టూ గుండ్రంగా నిలబడి, ఎవరి ఊరి ముక్కలోకి వాళ్లు పైపులు వదిలారు.

మొదటి రెండు రోజులూ బీటలే తాగేశాయి. మూడో రోజు తడి ఆగింది. చుట్టుపక్కల ఊర్ల పశువులు వచ్చాయి. కొంగలు వచ్చాయి. పడవలో మేకలు ఒకరోజు పొద్దున కళ్లు తెరుస్తూనే అరుపులు లంకించుకున్నాయి. పడవ కదులుతోంది.

ఈ సంగతి మండలానికి చేరింది. మార్తాండరావు ఫొటో తీసేవాణ్ణి, వీడియో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. కుంట గట్టున నిలబడి చాలాసేపు చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పటం అబద్ధం చెప్పదని నేను అన్నాను. అరవై రెండు అడుగులు! పటంలో ముందు పడింది, నేలమీద తర్వాత పడింది. పరిపాలన అంటే ఇదీ!"

ఊరు ఊరంతా గట్టుమీద చేరింది. మార్తాండరావు నారింజరంగు తేలుడు చొక్కా వేసుకుని, పట్టీలు రెండుసార్లు సరిచూసుకుని పడవ ఎక్కాడు. ఓబులేసుని తాడుతో సహా ఎక్కించుకున్నాడు. పడవను బోర్డు దాకా తోశారు.

"పెద్దాయనా, కెమెరా వైపు చూస్తూ కొలవండి. కొలిచాక గట్టిగా, అందరికీ వినపడేటట్టు, అరవై రెండు అనండి. ఈ ఒక్క మాట మీ నోట వస్తే చాలు, మీకు సన్మానం చేయిస్తాను."

నాగరత్నమ్మ గట్టుమీదనుంచి గుండె పట్టుకుని చూసింది. అనకుంటే ఆ మనిషికి కోపం వస్తుంది. కోపం వస్తే ట్యాంకర్లు ఆగుతాయి. ఆపడానికి ఆయనకు ఒక్క సంతకం చాలు. తిమ్మప్ప కూడా గొంతు తగ్గించి అన్నాడు. "అనేయ్ మామా. ఒక్క మాట. అనేయ్."

ఓబులేసు రాయి నీళ్లలోకి వదిలాడు. వెంటనే అడుగు తగిలింది. పైకి లాగాడు. తడిసిన ముడులు చూశాడు.

"రెండు" అన్నాడు.

"అది కాదు" అన్నాడు మార్తాండరావు, కెమెరా వైపు నవ్వు చెదరకుండా. "మొత్తం. మొత్తం చెప్పండి."

ఓబులేసు తాడు చుట్టుకుంటున్నాడు.

మార్తాండరావు తనే కొలుద్దామని లేచి తాడు అందుకోబోయాడు. పడవ ఒరిగింది. ఆయన అంత పెద్ద చొక్కాతో సహా నీళ్లలో పడ్డాడు.

"కాపాడండి!" అని అరిచాడు. "అరవై రెండు అడుగులు! అరవై రెండు! ఎవరైనా రండి!"

చేతులు కొట్టుకున్నాడు. కాళ్లు కొట్టుకున్నాడు. తేలుడు చొక్కా వెల్లకిలా తిప్పింది, బోర్లా తిప్పింది. ప్రాణం పోతున్న మనిషి కేక అది, నటన కాదు. ఆయన నిజంగానే అరవై రెండు అడుగుల్లో మునుగుతున్నాడు. గట్టుమీద జనం ఏం చేయాలో తెలియక చూస్తున్నారు. ఒక మేక నీళ్లలోకి దిగి, ఆయన పక్కనుంచి నడుచుకుంటూ అవతలి గట్టుకి పోయింది.

ఓబులేసు పడవ అంచు పట్టుకుని ముందుకు వంగాడు.

"నిలబడండి సారూ" అన్నాడు.

మార్తాండరావు కేక ఆపాడు. ఒక కాలు కింద పెట్టి చూసుకున్నాడు. రెండో కాలు పెట్టాడు. నిలబడ్డాడు. నీళ్లు మోకాళ్ల దగ్గర ఆగాయి. ఆయన తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు. బోర్డు వైపు చూశాడు. మళ్లీ మోకాళ్ల వైపు చూసుకున్నాడు. ఊరంతా ఆయన ముఖం వైపే చూసింది. ఇప్పుడు ఈ మనిషి ఒక్కసారి సరిగ్గా ఆలోచించాడంటే లెక్క తప్పని ఒప్పుకోవాలి, లేదా కోపంతో ట్యాంకర్లు ఆపాలి.

ఆయన నడుచుకుంటూ గట్టెక్కి జీపులో కూర్చున్నాడు.

మూడు రోజులకు నివేదిక వచ్చింది. హసీనా ఫోన్లో చదివి వినిపించింది. "జలప్రాంతం లోతు అరవై రెండు అడుగులని మరోసారి నిర్ధారించడమైనది. ప్రత్యేకాధికారి స్వయంగా అందులో దిగగా నీరు వారి మోకాలి వరకు మాత్రమే వచ్చింది. ఈ రెండు వాస్తవాలను కలిపి చూడగా ప్రత్యేకాధికారి ఎత్తు రెండు వందల ఇరవై అడుగులకు తక్కువ కాదని తేలుతున్నది. వారి సర్వీసు రిజిస్టరులో ఎత్తును సవరించవలెను. కార్యాలయ గుమ్మాన్ని తదనుగుణంగా పెంచవలెను."

ట్యాంకర్ల ఊసు అందులో లేదు. గుమ్మం పనిలో పడి ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. కాబట్టి అవి వస్తూనే ఉన్నాయి. తిమ్మప్ప తన బావిలో వేసిన రాళ్లు ఒక్కొక్కటే పైకి తీసి గట్టు మళ్లీ కట్టుకున్నాడు.

ఆ ఆదివారం సుంకమ్మ పొయ్యి ఉన్న ఊళ్లోంచి తలవంచి చూసింది.

"ఏమయ్యా, ఈ వారం నువ్వు ముప్పై నాలుగు మాట్లాడినావు. నేను లెక్కపెట్టినా."

ఓబులేసు మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. రేపు సోమవారం.